పూడ్చిన చిల్లులు

"ఇది నా పెట్టె కాదు" అంది పెద్దావిడ, గుమ్మంలోనే ఆగిపోయి.

చెక్కపనివాడికి చివుక్కుమంది. పాత సామానుకు ప్రాణం పోయడంలో తనంతవాడు లేడని పేరున్న మనిషి మరి. నెలన్నరగా నడుం విరిగేలా కూర్చుని, ఆ పెట్టె మీద చెక్కిన పిట్టలకూ పూలతీగలకూ వెలిసిపోయిన రంగులన్నీ మళ్లీ తెచ్చాడు. పొద్దున పిట్టల ముక్కులకు ఎరుపు దిద్దుతుంటే, ఐదేళ్ల కూతురు ఆ రంగే చిటికెన వేలి గోటికి పూసుకుని, "నెయిల్ పాలిష్" అంటూ వీధంతా చూపించుకు తిరిగింది కూడా.

"మీదేనండీ అమ్మగారూ! పెళ్లికూతుర్ని చేసేసరికి గుర్తుపట్టలేకపోతున్నారు."

"రంగులు బాగున్నాయి. వెనక చిల్లులేవి?"

"ఆ వేలు దూరేంత చిల్లులా? ఎనిమిదీ పూడ్చేశాను. తడిమి చూడండి. ఎక్కడున్నాయో చెప్పగలిగితే ఈ పనే మానేస్తాను."

"మూత కింద అడ్డుచెక్క?"

"ఏ బుద్ధిలేనివాడు కొట్టాడో గానీ, దానివల్లే మూత బెత్తెడు పైకి ఉండిపోయేది. పీకేశాను. కొక్కెం కూడా బాగుచేశాను. ఇప్పుడు చీమ దూరదు, గాలి దూరదు. ఇందాక మూత ఎత్తిపెట్టి టీకి వెళ్లానా, వచ్చేసరికి దానంతటదే వాలిపోయి కొక్కెం పడిపోయి ఉంది. అంత నున్నగా తిరుగుతోందంటే నమ్మండి!"

పెద్దావిడ మొహంలో నెత్తురుచుక్క లేదు.

ఇంట్లోంచి భార్య కేకేసింది. "ఏమండీ, పాప అక్కడుందా? అన్నానికి పిలుస్తుంటే పలకదు."

"ఇక్కడ లేదు. పక్కింట్లో చూడు!" అని అరిచి, అతను ఇటు తిరిగాడు.

"చిల్లులు మళ్లీ పొడువు" అంది పెద్దావిడ.

"ఏంటండీ?"

"ఎనిమిదీ. నా ఎదురుగా, ఇప్పుడే. నేను రంగులు వెయ్యమన్నాను. చిల్లుల జోలికి ఎవడు పొమ్మన్నాడు నిన్ను?"

అతనికి ఒళ్లు మండింది. "మెచ్చుకోకపోతే పోయె, తిడతారేంటండీ? అంత అందమైన పెట్టెకి నా చేత్తో చిల్లులు పొడవలేను. చంపినా పొడవను."

పెద్దావిడ లోపలికొచ్చి పెట్టె మూత మీద చెయ్యి వేసింది. తర్వాత మెల్లగా అంది.

"నువ్వన్న ఆ బుద్ధిలేనివాడు మా నాన్న. దాగుడుమూతలాడుతూ మా తమ్ముడు ఇందులో దూరాడు. కొక్కెం పడిపోయింది. రెండు రోజులు సందుసందూ వెతికాం. వాడు కనబడటం లేదని నేను ఈ పెట్టె మీదే కూర్చుని ఏడ్చాను నాయనా."

ఆవిడ చెయ్యి మూత మీంచి తీయలేదు.

"దీన్ని తగలెయ్యమని అమ్మ మొత్తుకుంది. నాన్న ఒప్పుకోలేదు. కూర్చుని ఒక్కో చిల్లూ పొడిచాడు. ఆఖరిది నాచేత పొడిపించాడు."

అయ్యో అనిపించింది అతనికి. నిజంగానే అనిపించింది. కానీ పెట్టె వంక చూస్తే మనసొప్పలేదు. నెలన్నర కష్టం! "ఎప్పుడో జరిగిందానికి ఇప్పుడెందుకండీ? పిల్లల్ని దగ్గరికి రానివ్వకపోతే సరిపోతుంది కదా!" అన్నాడు.

"పిల్లలు మనకి చెప్పి దూరతారా?"

ఆవిడ ఇక బతిమాలలేదు. గోడకు వేలాడుతున్న పనిముట్లలోంచి చిల్లులు పొడిచే చేతి బర్మా తీసుకుని, పెట్టె వెనక్కి వెళ్లి చతికిలబడింది.

"మీ పెట్టె, మీ ఇష్టం. నేను మాత్రం చూడలేను" అని అతను గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

బర్మా కిర్రుమంది. ఆ చప్పుడుకి అతను కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ముసలావిడకి అంత బలం ఎక్కడిదో, ఆగకుండా తిప్పుతూనే ఉంది. కాసేపటికి చెక్క టక్కుమంది. ఒక చిల్లు పడింది. బర్మా బయటికి లాగింది.

తర్వాత ఏ చప్పుడూ లేదు. రెండో చిల్లు మొదలుపెట్టదేం?

"అబ్బాయ్" అంది పెద్దావిడ. ఆ గొంతుకి అతను గిరుక్కున వెనక్కి తిరిగాడు.

చిల్లులోంచి ఒక చిటికెన వేలు బయటికొచ్చి, గాలి కోసమన్నట్టు నీరసంగా కదులుతోంది. దాని గోటికి పిట్ట ముక్కు ఎరుపు.