కుట్లు తెగినా సరే

"ఆపవే రాక్షసీ! అక్కకి రొమ్ము కోసి గుండె బాగుచేసి ఇంకా నెలైనా కాలేదు!" అంటూ ఒక్‌బున్ మీరన్ జుట్టు పట్టి లాగింది.

కిమ్చి పచ్చడికని క్యాబేజీలకు కారం పూస్తూ, కోడలు మీరన్ మీద కేకలేస్తున్న ఒక్‌బున్ అక్క ఉన్నట్టుండి ఒరిగిపోయి ఊపిరి మానేసింది. ఆ కోడలే ఇప్పుడు అత్త రొమ్ము మీద రెండు చేతులూ వేసి కుమ్ముతోంది. లోపల ఏదో కటుక్కుమంది.

"ఎముక విరిచావే! ఇందాకటి తిట్లకి కసి తీర్చుకుంటున్నావా?" అని ఒక్‌బున్ మీరన్ వీపు మీద గుద్దింది.

"కొట్టండి చిన్నత్తయ్యా, నేను మాత్రం ఆపను."

మీరన్ కలిపి నేల మీద పెట్టిన ఫోనులోంచి అంబులెన్సు మనిషి అరిచాడు: "కుట్లు తెగినా సరే, ఎముకలు విరిగినా సరే! ఆపితే మనిషే దక్కదు!"

మీరన్ చేతులు సోలిపోతున్నాయి. ఆ పిల్ల ఏడుస్తూనే నొక్కుతోందని ఒక్‌బున్ అప్పుడు చూసింది.

"జరుగు," అని తన చేతులు వేసింది. ఇంకో ఎముక ఆవిడ అరచేతి కిందే విరిగింది. కళ్లు మూసుకుని నొక్కింది.

అంబులెన్సు వాళ్లు వచ్చి కరెంటు షాక్ ఇచ్చాక అక్క గుండె మళ్లీ కొట్టుకుంది.

"పచ్చి గాయం మీద ఇలా కుమ్మింది ఎవరు?" అని ఆస్పత్రిలో అక్క కొడుకు తన పెళ్లాం మీరన్ మీదికి చెయ్యెత్తాడు.

ఒక్‌బున్ అడ్డం వచ్చి నిలబడింది. "నేనే విరిచానురా. నన్నడుగు."