మిల్లు లైను

ఆ రాత్రి వానలో నా టెలిఫోన్ బోర్డు మీద జిన్నింగ్ మిల్లు దీపం వెలిగింది. మా ఎక్స్ఛేంజీ బ్యాటరీల కరెంటే తీగ మీదుగా ఫోనుకు వెళ్తుంది. అవతల ఎవరైనా రిసీవరు ఎత్తితేనే ఆ దీపం వెలుగుతుంది. పత్తి సీజన్ అయిపోయి మిల్లుకు తాళం పడింది.

"తీగలు ఒకదానికొకటి తగులుతున్నట్టున్నయి, శారదమ్మా. చూసొస్త," అన్నాడు లైన్‌మన్ రాయమల్లు. నిచ్చెనను సైకిలుకు కట్టుకుని నర్సంపేట రోడ్డున ఒక్కడే వెళ్లాడు. వానొచ్చిందని ఏనాడూ పని ఆపిన మనిషి కాదు.

చాలాసేపటికి స్తంభం మీదున్న పక్క లైనుకు తన ఫోను తగిలించి మాట్లాడాడు.

"మిల్లు తీగలు రెండూ తెగి చెరో పక్క వేలాడుతున్నయి. దీపం ఆరిందా?"

"ఆరలేదన్నా."

ఆయన గొంతులో తేడా లేదు.

"తెగిన తీగను చూసి అట్లనే విడిచిపెట్టి రాలేను. కలుపుత."

"నిచ్చెన పట్టుకునేటోళ్లు కూడా లేరు. పొద్దున చూద్దువు, దిగన్నా."

"ఇందాక జర ఊగింది. ఇప్పుడు కదుల్తనే లేదు."

ఆ చీకట్లో, అంత ఎత్తున, ఆయన తొందర పడలేదు. నిదానంగా మెలిపెట్టి, "అయింది, విను," అన్నాడు.

మిల్లు లైనులో చెవి పెట్టాను. రాయమల్లన్న కలిపిన తీగలో గరగర అన్నది ఉండదు. అవతల ఎవరిదో ముసలి గొంతు పక్కనే కూర్చున్నంత స్పష్టంగా పలికింది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. నిచ్చెన మేం పట్టుకున్నం."