ఎర్ర పోగు

"ఇదేం ఆర్టే మల్లవ్వా! ఒక్క చెప్పు!" అన్నాడు రాజం, గొంతు తగ్గించి. "జోడు పెడితే చెప్పుల దుకాణం. ఒక్కటే పెడితే మ్యూజియం."

మల్లవ్వ నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ చెప్పునే చూసింది. ఆడవాళ్ళ చెప్పు. పట్టీ మీద పూసలున్నాయి.

"మన బిడ్డది గాదు," అంది.

"గాదు గద! నడువు మరి."

సిరిసిల్ల నుంచి జగిత్యాల దాకా రాజం మొక్కుకున్నది ఒక్కటే. దూరంగా కొండగట్టు కనబడగానే ఆటోలోంచే దండం పెట్టాడు. ఆ హాల్లో తన బిడ్డ తేజస్వినిది ఏదీ ఉండకూడదు. చేతులూపుకుంటూ పోయి చేతులూపుకుంటూ ఇంటికి రావాలి. అంతకు మించి స్వామిని ఏమీ అడగలేదు.

తేజస్విని హైదరాబాద్‌లో బొమ్మల చదువు చదివింది. ఇప్పుడు కోరుట్లలో బడి గోడలకు బొమ్మలు వేస్తోంది. పొద్దటి నుంచి తల్లి ఫోన్ చేస్తూనే ఉంది. ఎత్తడం లేదు.

"చార్జింగ్ పెట్టదు గదనే. దాని సంగతి నీకు తెల్వదా?" అని రాజమే దారంతా సర్దిచెప్పాడు.

హాల్లో బల్లల మీద తెల్ల గుడ్డలు పరిచారు. గుడ్డ మీద వస్తువు, పక్కన నంబరు చీటీ. తలుపు దగ్గర నిలబడ్డాయన లోపలికి పంపేటప్పుడే చెప్పాడు: "ఏదీ ముట్టుకోవద్దు. చూసి చెప్పుండ్రి."

హైదరాబాద్‌లో బిడ్డ చూపించిన మ్యూజియంలోనూ ఇదే మాట. జనం ఇట్లాగే ఒక్కో దాని ముందు ఆగి, మెడ వంచి, గుసగుసలాడుకుంటూ పోయారు.

రెండో బల్ల మీద మూత ఊడిన టిఫిన్ డబ్బా. అడుగున పులిహోర అట్ట కట్టింది.

"కడిగి పెడితే వీళ్ళ సొమ్మేం పోయింది?" అన్నాడు రాజం. "కడిగితే ఆర్ట్ గాదేమో!"

ఆ డబ్బా ముందు నిలబడ్డ ఒకావిడ ఉన్నట్టుండి భోరుమంది. మల్లవ్వ రాజం చెయ్యి పట్టుకుంది.

"హైదరాబాద్‌ల గూడ చూసినం గద. నీలం రంగు పూసిన గుడ్డ ముంగట ఒకామె ఏడ్వలే?" అన్నాడు రాజం.

"ఎందుకేడ్సిందో ఆమెకే తెల్వాలె," అంది మల్లవ్వ.

రాజానికీ లోపల భయమే. కానీ తన నోరు ఆగితే మల్లవ్వ కాళ్ళు ఆగుతాయి. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ మాత్రం తెలుసుకున్నాడు. అందుకే ఆపలేదు. అద్దం పగిలి ఆగిపోయిన గడియారం దగ్గర "దీనికి కాలం అని పేరు పెడ్తరు సూడు" అన్నాడు. నలిగిన మామిడికాయల సంచి దగ్గర "తొక్కు పెట్టుకోవచ్చు, ఇట్ల ఎండబెట్టిండ్రు" అన్నాడు. ప్రతి దాని దగ్గరా మల్లవ్వ ఒక్కటే మాట అంది. మనది గాదు.

అసలు రాజానికి ఈ ఆర్ట్ పిచ్చి పట్టించిందే తేజస్విని. మొదటిసారి మ్యూజియానికి తీసుకుపోయినప్పుడు, గోడకు ఒక తెల్ల గుడ్డ, దాని మీద ఒకే ఒక్క ఎర్ర గీత. జనం నోరెళ్ళబెట్టి చూస్తున్నారు. సిరిసిల్లలో సాంచ, అంటే మరమగ్గం, నడిపే రాజం పగలబడి నవ్వాడు.

"గిదే పని మా సాంచల మీద చేస్తే సేటు నా కూలి కోస్తడు! తెల్లగుడ్డల ఎర్ర పోగు పడ్డదని తిడ్తడు! ఇక్కడ ఫ్రేము కట్టిండ్రా!"

"అయితే నువ్వు గూడ ఒకటి నెయ్యి బాపూ," అంది బిడ్డ, అంతకన్నా ఎక్కువ నవ్వుతూ.

పంతానికి నేశాడు. మరమగ్గం మీద తెల్లగుడ్డ నేస్తూ నేస్తూ, నడుమ దారం కండె మార్చి ఎర్ర పోగులు నాలుగు కొట్టాడు. గీత కొంచెం వంకర పోయింది కూడా. తేజస్విని ఆ గుడ్డను సంచీగా కుట్టుకుంది. కుంచెలన్నీ అందులోనే. ఎటు పోయినా భుజానికి అదే.

"ఆర్టిస్టులు కింద సంతకం పెడ్తరు బాపూ. గీ గీత నీ సంతకం," అనేది.

చివరి బల్ల వచ్చింది. దాని మీద ఒక గుడ్డ సంచి.

మల్లవ్వ అతని చెయ్యి వదిలి ముందుకు ఉరికింది. వంగి చూసింది. చూసి, పొద్దటి నుంచి మొదటిసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"ఎర్ర సంచయ్యా! మన బిడ్డది తెల్లది గద. ఇది మనది గాదు!" ఆమె మొహంలోకి ప్రాణం వచ్చింది. "అయిపోయింది. ఇగ నడువు, ఇంటికి పోదాం. కొండగట్టుల కొబ్బరికాయ కొట్టి పోదాం."

బయటికి పోయే తలుపు పక్కనే ఉంది. రాజం కదల్లేదు. ఏ గుడ్డ చూసినా అంచు తిప్పి చూడటం సాంచ నడిపేవాడి అలవాటు. ముట్టుకోవద్దన్న మాట మరిచిపోయి, సంచి మూతి దగ్గరి మడతను వేలితో తిప్పాడు.

మడత లోపల గుడ్డ ఇంకా తెల్లగానే ఉంది. ఆ తెలుపు మీద అడ్డంగా, కొంచెం వంకరగా, ఒక ఎర్ర గీత.

"ఏందయ్యా? ఏమైంది?"

"ఏం లేదే," అన్నాడు రాజం. "రంగు ఒలికినట్టుంది."

మడతను మళ్ళీ ఎట్లా ఉన్నదో అట్లా సర్ది, అతను తలుపు దగ్గరి పోలీసాయన వైపు తిరిగి "మాదే సారూ" అనగానే, ఆయన టోపీ తీసి చేత పట్టుకుని, పొద్దున బోల్తాపడ్డ కోరుట్ల బస్సులోని శవాలను పడుకోబెట్టిన పక్క గదికి దారి చూపించాడు.