ఆరెంజ్ జెండాలు

సోమవారం ఉదయం పదీ పన్నెండుకి వీధిలో ఇంటర్నెట్ పోయింది. పదీ ఇరవైకల్లా వీధంతా శ్యామ్‌సుందర్ పెరట్లో ఉంది.

అమెరికాలో, ప్లేనోలోని ఆ వీధిలో సగం మంది ఇంటి నుంచే ఉద్యోగం చేస్తారు. కెమెరా ముందు కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే లేచి వచ్చారు. పైన ఇస్త్రీ చొక్కా, కింద నిక్కరు. స్విమ్మింగ్ పూల్ కోసం తవ్విన గోతి చుట్టూ నిలబడి, అడుగున తెగిపడ్డ కేబుల్‌ని శవాన్ని చూసినట్టు చూస్తున్నారు.

"నా తప్పేం లేదు," అన్నాడు మిషన్ నడిపే అతను ఇంగ్లీషులో. "కేబుల్ ఎక్కడుందో గుర్తుగా కంపెనీవాళ్లు ఆరెంజ్ జెండాలు పాతి వెళ్లారు. అవిగో, ఫెన్స్ పక్కన. నేను వాటికి పదడుగుల దూరంలో తవ్వాను. ఎవరో వాటిని జరిపారు."

బెత్తెడు జెండాలు ఫెన్స్ వారన కొలిచి నాటినట్టు వరసగా ఉన్నాయి.

ఇళ్ల యజమానుల సంఘం హెచ్‌ఓఏకి ప్రెసిడెంట్ అయిన ధర్మారావు గొంతు సవరించుకున్నాడు. ఆ వీధిలో గోడకి ఏ రంగు వెయ్యాలన్నా ఆయన సంతకం కావాలి.

"శ్యామ్ గారూ, జరిపింది మీ ఇంటివాళ్లయితే పూల్ పర్మిషన్ క్యాన్సిల్. గొయ్యి పూడ్చెయ్యాలి. బయటివాళ్లయితే మీకు సంబంధం లేదు. రూల్ అదీ."

శ్యామ్‌సుందర్‌కి ఆ పూల్ అంటే ప్రాణం. ధర్మారావు పూల్ ముప్పై అడుగులు. తనది ముప్పై రెండు. ఇంట్లో ఎవరికీ ఈత రాదు, అది వేరే సంగతి.

"మా ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారండీ? నా పూల్ రెండడుగులు పొడుగని కడుపుమంట ఉన్నవాళ్లెవరో చేసుంటారు."

"పేరు చెప్పి అనండి," అన్నాడు ధర్మారావు.

"ఏవండీ," అంది శ్యామ్‌సుందర్ భార్య ఉష మెల్లిగా. "శనివారం పూజప్పుడు..."

"నువ్వుండు."

ఉష ఉండిపోయింది. పెళ్లయిన పందొమ్మిదేళ్లలో ఆమె మొగుడి మాటకి ఎదురు చెప్పలేదు, మొగుడి పేరూ పలకలేదు. ఫార్మసీలో ఆయన పేరడిగితే పర్సులోంచి ఇన్సూరెన్స్ కార్డు తీసి చూపించే మనిషి.

అప్పుడే గేటు తోసుకుని అదే వీధిలో ఉండే కౌశిక్ వచ్చాడు. మెడలో టై, చంకలో లాప్‌టాప్. లేఆఫ్‌లో ఉద్యోగం పోయి నెలన్నరయింది. రెండు వారాల్లో ఇంకోటి దొరక్కపోతే వీసా ఉండదు, పెట్టె సర్దుకోవాలి. ఇవాళ పదింటికి ఫైనల్ ఇంటర్వ్యూ.

"పన్నెండు నిమిషాలు బాగా చెప్పానన్నా. తర్వాత స్క్రీన్ ఆగిపోయింది. హాట్‌స్పాట్ పెట్టి మళ్లీ లాగిన్ అయ్యేసరికి వాళ్లు కాల్ కట్ చేశారు. ఎవరు చేశారన్నా ఇది?"

పెరడంతా భగ్గుమంది. వాడెవడో ఇప్పుడే తేలాలన్నారు అందరూ.

"తేలుస్తా," అన్నాడు శ్యామ్‌సుందర్. కౌశిక్ అంటే అతనికి అభిమానమే. తన కంపెనీలో ఉద్యోగానికి రెఫర్ చేస్తానని నెలన్నరగా మాటిస్తున్నాడు. నెలన్నరగా కౌశిక్ ఆ ఇంటి పనులు చేసిపెడుతున్నాడు. "తమ్ముడూ, ఆ కుర్చీ అడ్డంగా ఉంది, ఇటు జరుపు."

కౌశిక్ లాప్‌టాప్ గడ్డిలో పెట్టి కుర్చీ జరిపాడు.

"ఎవడో ఆరెంజ్ జెండాలు పీకి ఫెన్స్ దగ్గర పెట్టాడు. అదీ జరిగింది," అన్నాడు శ్యామ్‌సుందర్.

కౌశిక్ ఫెన్స్ వైపు చూశాడు. నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. పాపం, ఏడుపు ఆపుకుంటున్నాడనుకున్నాడు శ్యామ్‌సుందర్. భుజం తడదామని అడుగు వేయబోతే మోకాలికి కుర్చీ కొట్టుకుంది.

"ఈ కుర్చీ ఇక్కడ ఎవరు పెట్టారు?"

కౌశిక్ దాన్ని ఇంకో పక్కకి జరిపాడు.

"ఇంటి వెనకాల సెక్యూరిటీ కెమెరా ఉందిగా," అన్నారెవరో.

శ్యామ్‌సుందర్ మొహం వెలిగింది. "ఉషా, ఫోన్ ఇలా ఇవ్వు."

"లోపలికెళ్లి చూద్దామండీ."

"లోపలెందుకు? అందరి ముందూ చూద్దాం."

మొబైల్ డేటా మీద శనివారం వీడియో ఆగి ఆగి కదిలింది. పూల్‌కి భూమిపూజ. పట్టుపంచెలు, కొబ్బరికాయలు, గ్రూప్ ఫోటోకి నిలబడ్డ జనం. వాళ్ల ముందు ఒక మనిషి వంగి జెండాలు ఒక్కొక్కటే పీకి, తీసుకెళ్లి ఫెన్స్ వారన శ్రద్ధగా గుచ్చుతున్నాడు.

కౌశిక్.

శ్యామ్‌సుందర్‌కి గుండె తేలికపడింది. బయటివాడు. పూల్ దక్కింది.

"ఇంత పని చేసి, మళ్లీ ఎవరని నన్నే అడుగుతావా తమ్ముడూ? నిన్నా నేను రెఫర్ చేద్దామనుకుంది?"

"సౌండ్ పెట్టండన్నా," అన్నాడు కౌశిక్.

పెట్టాడు. కెమెరాకి కనపడని మనిషి గొంతు గాలిహోరులో గరగరలాడింది. "ఆ దరిద్రపు జెండాలు ఫోటోలో పడుతున్నాయి. పీకి అటు గుచ్చెయ్. ఏం కాదులే, త్వరగా కానీ."

శ్యామ్‌సుందర్ రెండోసారి విన్నాడు. ఎక్కడో విన్న గొంతే. ఇంత పొగరుగా మాట్లాడేవాడు వీధిలో ఒక్కడే ఉన్నాడు. ధర్మారావు వైపు తిరిగాడు.

"విన్నారా? వీడు అమాయకుడు, చెప్పింది చేశాడు. అసలు దొంగ ఆ చెప్పినవాడు."

"అయితే తప్పు చెప్పినవాడిదేనంటారా?" ధర్మారావు మీసం కదిలింది.

"నూటికి నూరుపాళ్లూ. వాడెవడైనా వదలొద్దు. మీటింగ్ మినిట్స్‌లో రాసుకోండి."

ధర్మారావు ఫోన్ తీశాడు. "పేరు?"

శ్యామ్‌సుందర్ చుట్టూ చూశాడు. చెప్పమంటే ఒక్కరూ చెప్పరే. ఎందుకో అందరూ తననే చూస్తున్నారు.

"శ్యామ్‌సుందర్," అంది ఉష.