పరంగివాళ్ళ ఆరు వందల ఏళ్ళు

“ఐరోపావాళ్ళు ఇన్ని దేశాలు పట్టుకునిరి గదా, వాళ్ళల్లో ఎవరి రాజ్యం పెద్దది?” సుధాలక్ష్మి సూటిగా అడిగింది.

కోవిల్‌పట్టిలోని ఆ ఇంటి ముందుగదిలో అందరూ ఇబ్బందిగా కదిలారు. విరుదునగరం నుంచి బస్సెక్కి పెళ్ళిచూపులకు వచ్చిన రంగరాజన్‌కు పరీక్ష పెడుతుందని ఎవరనుకుంటారు? ఆయన బడిలో చరిత్ర పాఠాలు చెబుతాడు. ఈమె చరిత్రలో ఎమ్మే చదువుతోంది. దొరికిందే సందని అక్కడే పట్టుకుంది.

ఆమె భయం ఆమెది. నాయన పోయిన ఏడేళ్ళుగా ఆ ఇంట్లో ఆడవాళ్ళదే మాట. పెళ్ళయ్యాక రంగరాజన్ ఇక్కడికే వచ్చేస్తాడట. వచ్చి పెత్తనం చెలాయిస్తే? నువ్వు ఊ అంటేనే ఈ పెళ్ళి, లేకుంటే లేదని తల్లి గాంధిమతి ముందే చెప్పేసింది.

రంగరాజన్ తొణకలేదు. వైశాల్యంలో ఇంగ్లీషువాళ్ళదే పెద్దదన్నాడు, భూమిలో దాదాపు నాలుగో వంతు. ఎక్కువ కాలం ఏలింది మాత్రం పోర్చుగీసు పరంగివాళ్ళు, దగ్గర దగ్గర ఆరు వందల ఏళ్ళు. మన తూత్తుకుడిలోనూ ముందు దిగింది వాళ్ళే, వెనక ఒల్లాందువాళ్ళు, అంటే డచ్చివాళ్ళు, వచ్చారని చెప్పాడు.

అరవంలో పరంగికాయ అంటే గుమ్మడికాయ. నాయనమ్మ పాపమ్మాళ్‌కు వినబడింది ఆ ఒక్క మాటే. “పరంగికాయ పులుసు ఉండాది, తిని పోండి,” అంది. ఇంకేముంది, గదంతా నవ్వులు. కాఫీ గ్లాసులు అందిస్తున్న గాంధిమతి కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సుధాలక్ష్మి మాత్రం నవ్వలేదు. “అన్నేండ్లు ఉండిరి గదా, సొంతోళ్ళు అయిపోలేదా?”

రంగరాజన్ గ్లాసు కింద పెట్టాడు. “ఏలేదానికి వచ్చినోళ్ళు ఎన్నేండ్లుండినా పరాయోళ్ళేమ్మా. నేను ఏలేదానికి రాలేదు. నీకు ఇష్టం లేదంటే ఈ కాఫీ తాగి పోతాను, కోపం ఉండదు.”

సుధాలక్ష్మికి గుండెల మీది బరువు దిగిపోయింది. సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది. లేచి వెళ్ళి, వంటింటి గుమ్మంలో నిలబడ్డ గాంధిమతి చెయ్యి పట్టుకుంది.

“సరే అమ్మా, ఈయన్ను నువ్వు పెండ్లి చేసుకో.”