నడుం నొప్పికి యాప్

మధ్యాహ్నం పూట సింగపూర్లో తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లో స్టూలు దొరకడం గగనం. ఎలాగో దొరికింది. నూడుల్స్ నోట్లో పెట్టుకోబోతుంటే ఫోన్ అరిచింది: "పొద్దుట్నుంచీ కూర్చునే ఉన్నారు. లేవండి!"

నా నడుం నొప్పి చూడలేక మా ఆఫీసు సియూ ఎంగ్ ఆంటీ స్వయంగా ఎక్కించిన యాప్ అది. లేచేదాకా నోరు మూయదు. గిన్నెతో సహా లేచాను.

వెనక్కి తిరిగేసరికి నా స్టూలు మీద టిష్యూ ప్యాకెట్! ఇక్కడ ప్యాకెట్ ఎవరిదైతే సీటు వాళ్లదే. ఆంటీ వచ్చి తాపీగా కూర్చుంది.

"ఆంటీ, అది నా సీటు!"

"ప్యాకెట్ పెట్టుకున్నావా నాయనా? నిలబడి తిను, నడుముకి మంచిది."

ఇంతలో చుట్టూ మా ఆఫీసు వాళ్ల ఫోన్లన్నీ ఒక్కసారే "లేవండి!" అని అరిచాయి; ఆంటీ ఆ యాప్ అందరికీ ఎక్కించిందన్నమాట. గిన్నెలు పట్టుకుని అందరూ లేచారు.

ఆంటీ మెట్ల వైపు చెయ్యూపింది. "రండర్రా, సీట్లు ఖాళీ అయ్యాయి!"

ఆవిడ మహ్‌జాంగ్ ఆట జట్టంతా కదిలింది, తలా ఒక టిష్యూ ప్యాకెట్‌తో.