ఐదో మంచం రక్తం

ద్వారకకు గర్భసంచి తీసి ఇది మూడో రోజు. ల్యాబు నుంచి రక్తపరీక్ష కాగితం వార్డుకు పంపేశాక, దాని నకలును మొన్నటి కాగితం పక్కన పెట్టి చూసి గతుక్కుమన్నాను. ఒంట్లో వాపును పట్టిచ్చే సీఆర్పీ మొన్న తొంభై, ఇవాళ మూడు, ఏ జబ్బూ లేని మనిషికి ఉన్నట్టు. కోతపడిన ఒంట్లో అది అంత తొందరగా దిగదు.

నకలు పట్టుకుని వార్డుకు పరిగెత్తాను. మూడు అంకె చూసి డాక్టరు ద్వారకను అప్పుడే పంపేశారట. చెరుకు కోతకెళ్లే ట్రాక్టరు ఆమెను ఎక్కించుకుని బీడ్ ఊరు దాటేసిందట. ఐదో మంచం దగ్గర ఆమె తోడికోడలు ముక్త ఒక్కతే గిన్నెలు మూటగడుతోంది. మోచేతి మడతలో దూది.

"పొద్దున సూది గుచ్చింది నీకా?"

"అరవకు తాయీ! ఐదో మంచం అన్నావు, చెయ్యి చాపాను. ద్వారకకు అసలే రక్తం లేదు. రోజూ ఇట్లా తోడేస్తే రేపు కొడవలి ఎట్లా పడుతుంది? అయినా నువ్వు మొహం చూశావా?"

చూడలేదు. నేను చేతులే చూస్తాను.

"ద్వారకకు జ్వరమేమైనా ఉందా?"

"రాత్రంతా వణికింది. నా దుప్పటి కూడా దానికే కప్పాను."

ట్రాక్టరులో ఉన్న కూలీల మేస్త్రీకి ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు.

ముక్త నా చేతిలో కాగితం వంక ఆశగా చూసింది.

"నా రక్తం మంచిదేనా తాయీ?"